దేవుడి బియ్యం డబ్బా

అన్నం వండే ముందు అమ్మ, కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి పక్కనున్న స్టీలు డబ్బాలో వేసేది. మా గుంటూరు వైపు చర్చికి వెళ్లే ఇళ్లలో చాలామంది ఆడవాళ్లకు ఉన్న అలవాటే అది. వేసిన గుప్పెడు ఇక ఇంటిది కాదు, దేవుడిది. ఎంత ఇబ్బంది వచ్చినా అందులోంచి తీసి వండుకోకూడదు. ఆదివారం చర్చికి తీసుకెళ్లి కానుకల బల్ల దగ్గర పెడితే, అక్కడినుంచి పొయ్యి వెలగని ఏదో ఒక ఇంటికి వెళ్తాయి. ఆ డబ్బా అమ్మ పెళ్లికి పుట్టింటివాళ్లు ఇచ్చిన సామానులోది. మూత మీద అమ్మ పేరు చెక్కించి ఉంటుంది. చిన్నప్పుడు నాకు ఆ డబ్బా అంటే కడుపుమంట. మా బియ్యం బస్తా అడుగంటిన రోజున కూడా అది దర్జాగా నిండి కూర్చునేది. "దేవుడికి ఆకలేస్తుందా ఏంటి?" అని అడిగితే, "ఆయనకి వెయ్యదే, ఆయన పిల్లలకి వేస్తుంది" అనేది అమ్మ, చేస్తున్న పని ఆపకుండానే.

ఆ డబ్బా మాతోపాటు హైదరాబాదు వచ్చింది. నాన్న పోయాక, అమ్మ కిడ్నీలు రెండూ పనిచేయడం మానేశాక, అమ్మని మియాపూర్‌లో నేనుంటున్న ఫ్లాటుకి తెచ్చుకున్నాను. అమ్మ ప్రాథమిక పాఠశాలలో టీచరుగా చేసి రిటైరైంది. నేను హైటెక్ సిటీలో టెస్టింగ్ ఉద్యోగం చేసేదాన్ని, అంటే ఇంకొకరు చేసిన పనిలో తప్పులు వెతకడం. ఆ గుణం నాకు పుట్టుకతోనే ఉందని, కంపెనీవాళ్లు ఊరికే జీతం ఇస్తున్నారని అమ్మ వెక్కిరించేది.

వారంలో కొన్ని రోజులు అమ్మని కొండాపూర్‌లో ఒక ఆసుపత్రికి డయాలసిస్‌కి తీసుకెళ్లాలి. రక్తం మిషన్లోకి వెళ్లి శుభ్రపడి వెనక్కి వచ్చేదాకా కదలకుండా పడుకోవాలి. మధ్యలో ఉన్న రోజుల్లో నీళ్లు కొలిచి తాగాలి. ఉప్పు దాదాపు లేదు. టమాటా, అరటిపండు, కొబ్బరినీళ్లు దగ్గరికి రాకూడదు. మండుటెండలో అమ్మ చిన్న ఐసుముక్క నోట్లో పెట్టుకుని, అది కరిగిపోకుండా పెదవులు బిగించి కూర్చోవడం చూస్తే నాకు దుఃఖం వచ్చేది. ఆ దుఃఖం నాలోంచి ఎప్పుడూ కోపంగానే బయటికి వచ్చేది. "అది నమలకు, చప్పరించు" అని అరిచేదాన్ని.

అప్పుడు తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉంది. ఒకరోజు బంద్, ఒకరోజు రాస్తారోకో, ఒకరోజు బస్సులుండవు. టీవీ పెడితే అరుపులు, కట్టేస్తే గదిలో నా గుండె చప్పుడు. లిఫ్టులో ఎవరైనా "మీదే ఊరు?" అని మామూలుగా అడిగినా నాకు చెమటలు పట్టేవి. నిజం చెప్పాలంటే, నా మొహం మీద ఎవరూ ఒక్క పరుషమైన మాట అనలేదు. కానీ ఆఫీసులో కాఫీ మిషన్ దగ్గర మావైపు వాళ్లం గుమిగూడి, ఎక్కడో ఎవరికో ఏదో జరిగిందట అని చెప్పుకునేవాళ్లం. అలా చెప్పుకుని చెప్పుకుని, సాయంత్రానికి అది మా పక్క సీటులోనే జరిగినంత భయం పోగేసుకుని ఇంటికి వెళ్లేవాళ్లం.

అందుకే అమ్మకి నియమాలు పెట్టాను. నేను ఆఫీసులో ఉన్నంతసేపు తలుపుకి లోపల గొలుసు తియ్యకూడదు. ఎవరైనా వస్తే గొలుసు సందులోంచి మాట్లాడి పంపెయ్యాలి. మేము గుంటూరువాళ్లమని నోరు జారకూడదు. అసలు మాట్లాడకుండా ఉంటే ఇంకా మంచిది. నేను ఆ నియమాలు పెట్టడం తప్పని ఇప్పటికీ అనుకోను. ఒంట్లో బాగాలేని మనిషిని ఇంట్లో ఒంటరిగా వదిలి వెళ్లే ఆడదానికి గొలుసు తప్ప ఏముంది?

"నన్ను కూడా డబ్బాలో వేసి మూత పెట్టావే" అనేది అమ్మ. బాల్కనీ ఊచల దగ్గర కుర్చీ వేసుకుని, కింద నీళ్ల ట్యాంకర్లు వచ్చి పోవడం చూస్తూ కూర్చునేది. నోరు ఎండిపోతున్న మనిషి రోజంతా నీళ్ల ట్యాంకర్లని చూడటం ఏంటి అని నాకు ఒళ్లు మండేది. కుర్చీ ఇటు తిప్పితే, నేను వెళ్లాక మళ్లీ అటే తిప్పుకునేది.

ఒకరోజు ఆఫీసునుంచి త్వరగా వచ్చాను. మా తలుపు దగ్గర కొరియర్ మనిషి నిలబడి అరటిపండు తింటున్నాడు. గొలుసు సందులోంచి అమ్మ చెయ్యి బయటికి వచ్చి ఇంకో పండు అందిస్తోంది. "మజ్జిగ ఇద్దామనుకున్నానమ్మాయ్, గ్లాసు ఈ సందులో పట్టలేదు" అంది నన్ను చూసి. "గొలుసు తియ్యొద్దన్నావు. తియ్యలేదుగా?" అని కూడా అంది. తను తినకూడని పండు, తను తాగకూడని మజ్జిగ. అవి నాకోసం ఇంట్లో తెచ్చిపెట్టినవి. కొరియర్ మనిషి నవ్వు ఆపుకోలేక లిఫ్టు కోసం ఆగకుండా మెట్లమీదుగా దిగిపోయాడు.

చర్చికి వెళ్లడం కూడా ఆగిపోయింది. ఆదివారాలు అమ్మకి ఓపిక ఉండేది కాదు, ఓపికున్న ఆదివారం దారి ఉండేది కాదు. డబ్బా నిండి, మూత పట్టక, మిగిలినవి ప్లాస్టిక్ కవర్లోకి ఎక్కాయి. "దేవుడి బియ్యం పురుగు పట్టకూడదే" అని అమ్మ బెంగ. ఒంట్లో ఓపిక పూర్తిగా తగ్గాక వంట నాకే అప్పజెప్పింది గానీ, మంచం మీదనుంచే "గుప్పెడు వేశావా?" అని అడిగేది. ఒక కాల్ అయ్యి ఇంకో కాల్ మొదలయ్యేలోపు కుక్కరు పెట్టే మనిషిని నేను. చేతికి ఏ డబ్బా దొరికితే అందులోంచి తీసి పడేసేదాన్ని. దోసెల కోసం ఉంచిన ఉప్పుడు బియ్యం వేరే డబ్బాలో ఉండేవి. రెండూ తెల్లగానే ఉంటాయి కదా.

రోడ్ల మీద వంటావార్పు పిలుపు వచ్చిన రోజు గురించి చెప్పాలి. అప్పట్లో ఉద్యమంలో అదొక పద్ధతి. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, పంక్తులు వేసుకుని తినేవారు. ఆ పూట ఆ రోడ్డు కదలదు. అంతకుముందు జరగాల్సిన డయాలసిస్ అప్పటికే ఒక బంద్ వల్ల తప్పిపోయింది. అమ్మ కాళ్లు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. పడుకుంటే ఊపిరి అందక దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చుంటోంది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, ఎలాగైనా తీసుకురండి, ఇంకో రోజు ఆగితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది అన్నారు. మధ్యాహ్నంలోపు వస్తే మిషన్ ఉంచుతామన్నారు.

ఎప్పుడూ మమ్మల్ని తీసుకెళ్లే టాక్సీ డ్రైవర్‌ది మెదక్ వైపు ఊరు. కారు అద్దం మీద జై తెలంగాణ స్టిక్కర్ ఉంటుంది. "ఫికర్ జెయ్యకు అక్కా. మనోళ్లే ఉంటరు. నేను మాట్లాడుత" అన్నాడు. అతని మనోళ్లలో నేనున్నానో లేదో అడగాలనిపించలేదు.

బయల్దేరేటప్పుడు అమ్మ స్టీలు డబ్బా, బియ్యం కవరు పట్టుకుని నిలబడింది. ఆసుపత్రి దగ్గర్లో చర్చి ఉంది, దారిలో ఇచ్చేసి పోదాం అంది. ఊపిరి అందడం లేదు, బియ్యం కావలసి వచ్చాయా అని నేను గొంతు చించుకున్నాను. అమ్మ వాదించలేదు. డబ్బా ఒళ్లో పెట్టుకుని కారులో కూర్చుంది. వాదించని మనిషితో గెలవడం నావల్ల ఎప్పుడూ కాలేదు.

హఫీజ్‌పేట వంతెన దాటి కాస్త దూరం వెళ్లామో లేదో కారు ఆగింది. ఎదురుగా రోడ్డుకి అడ్డంగా షామియానా. రాళ్లు పేర్చిన పొయ్యిల మీద పెద్ద పెద్ద డేగిశాలు. డప్పులు, మైకు, జెండాలు. వెనక్కి తిప్పమన్నాను. అప్పటికే వెనక ఒక లారీ వచ్చి ఆనుకుని నిలబడింది. పక్కన ఆటో, అటుపక్క డివైడర్. తలుపు సగం కూడా తెరుచుకోనంత ఇరుకు. డ్రైవర్ పక్కకి ఒరిగి ఎలాగో దిగి మాట్లాడటానికి వెళ్లాడు.

అద్దాలు పైకి ఎత్తాను. ఉక్కపోత. అమ్మ ఊపిరి గురగురమంటూ వినిపిస్తోంది. సరిగ్గా అప్పుడే ఆఫీసు కాల్. సెలవు పెట్టినా ఆ కాల్‌లో ఉండక తప్పదన్నాడు మేనేజరు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, మ్యూట్ చేశాననుకుని, "అమ్మా, నువ్వు మాత్రం నోరు తెరవకు. ఎవరడిగినా నేను చెప్తాను" అన్నాను. అదే క్షణంలో బయట మైకులో జై తెలంగాణ అని వేల గొంతులు లేచాయి. కాల్‌లో అటువైపున్న విదేశీ క్లయింటు దొరగారు, మీ దగ్గర ఇవాళ పండగా అని ఇంగ్లీషులో అడిగాడు. అవునండీ అని చెప్పి ఫోన్ కట్టేశాను.

డ్రైవర్ మొహం వేలాడేసుకుని తిరిగి వచ్చాడు. "అంబులెన్స్ అయితే ఇడుస్తరట అక్కా. టాక్సీలను ఒక్కటి ఇడిస్తే అన్నీ ఉరుకొస్తయంటున్నరు. బంతి భోజనాలు అయిపోయేదాంక ఆగాలెనట" అన్నాడు. అంబులెన్స్‌కి ఫోన్ చేస్తే అది కూడా రావాల్సింది ఇదే రోడ్డు మీదుగా. వెనక లారీ, ముందు పొయ్యి, ఒళ్లో ఫోన్, పక్కన అమ్మ. చిన్నపిల్లలా ఏడుపొచ్చింది నాకు. ఏడిస్తే అమ్మ నన్ను ఊరడించడానికి ఉన్న ఊపిరి ఖర్చు చేస్తుందని ఆపుకున్నాను.

అమ్మ మాత్రం కారు అద్దంలోంచి డేగిశాల వైపు చూస్తోంది. మా ఊరి చర్చిలో ప్రేమవిందు జరిగినప్పుడల్లా అన్నం పొయ్యి దగ్గర అమ్మే ఉండేది. అంత పెద్ద వంట కనిపిస్తే ఆవిడ చూపు పక్కకి పోదు.

"మంట మరీ ఎక్కువైందే. అడుగు మాడుతోంది, ఎవరూ చూడట్లేదు" అంది.

"మాడనీ. మనకెందుకు?"

"అన్నం కదే" అంది. నేను చెయ్యి పట్టుకునేలోపే ఆ ఇరుకు సందులోంచి దిగిపోయింది. చెప్పులు పట్టని కాళ్లతో, తారురోడ్డు మీద.

నేను వెనకాలే పరిగెత్తాను. అప్పటికే అమ్మ పొయ్యి దగ్గరికి చేరింది. అక్కడ గరిటె పట్టుకుని, అమ్మ వయసే ఉన్న ఒకావిడ ఎవరితోనో గట్టిగా మాట్లాడుతోంది. అమ్మ ఆవిడ భుజం తట్టి, "వదినా, కట్టెలు వెనక్కి లాగండి. అడుగంటుతోంది" అంది.

ఆ ఒక్కమాటతో మేమెక్కడివాళ్లమో చుట్టూ ఉన్నవాళ్లందరికీ తెలిసిపోయింది. డప్పు కొట్టే అతను కూడా చెయ్యి ఆపి చూశాడు.

"ఏ ఊరమ్మా మీది?" అందావిడ, గరిటె నడుముకి ఆనించుకుని.

"గుంటూరండీ. ఇప్పుడు మియాపూర్‌లో ఉంటున్నాం" అంది అమ్మ. నేను ఇన్ని నెలలుగా గొలుసు వేసి దాచిపెట్టిన సంగతి, నడిరోడ్డు మీద, అడగ్గానే.

"గుంటూరోళ్లకు మా అన్నం గూడ నచ్చుతలేదా?"

"అన్నం బాగానే ఉందండీ. మంటే బాగాలేదు" అంది అమ్మ.

ఆవిడ డేగిశాలోకి వంగి వాసన చూసింది. గబగబా కట్టెలు బయటికి లాగి, పక్కనున్న మగవాళ్లను తిట్టడం మొదలుపెట్టింది. "ఇంతమంది ఉండి ఏం జేస్తున్రు? ఎక్కడ్నో పోతున్న మనిషి దిగొచ్చి జెప్పాల్నా? మల్ల వదినె అంటున్నది సూడు!" అంటూ పెద్దగా నవ్వింది. చుట్టూ నవ్వులు లేచాయి. ఎవరో అమ్మకి కూర్చోవడానికి గోనెసంచి మడిచి వేశారు.

అమ్మని లేపి కారులోకి తీసుకెళ్లాలని నా తొందర. కానీ అక్కడ వాళ్లకి ఇంకో తలనొప్పి ఉంది. అనుకున్నదానికంటే జనం ఎక్కువ వచ్చారు. మిగతా బియ్యం తెస్తున్న ఆటో ఎక్కడో వెనక ఇరుక్కుపోయింది. వాళ్లు ఆపిన రోడ్డులోనే వాళ్ల బియ్యం కూడా ఆగిపోయాయి. నాకైతే లోలోపల బాగా అయింది అనిపించింది. ఆవిడ ఎసరు మరుగుతున్న రెండో డేగిశా వైపు చూపించి, "నీళ్లు కాగుతున్నయ్, ఎయ్యనీకె గింజ లేదు" అని తల కొట్టుకుంది.

అమ్మ నావైపు తిరిగింది. "అమ్మాయ్, కారులో డబ్బా తీసుకురా. కవరు కూడా."

"అమ్మా, అవి చర్చివి."

"చర్చికి దారేది? ఆకలైనవాళ్లు ఇక్కడే ఉన్నారు."

"వీళ్లు మనల్ని..." అని గొంతు తగ్గించి ఏదో అనబోయాను.

"ఎవరని అడిగి పెట్టడం నేను నీకెప్పుడు నేర్పానే?" అంది అమ్మ, ఊపిరి కూడదీసుకుని. వెళ్లి తెచ్చాను.

ఇన్ని బియ్యం కారులో ఎందుకున్నాయని ఆవిడ అడిగితే, అమ్మ గుప్పెటి సంగతి చెప్పింది. ఆవిడ డబ్బా చేతిలోకి తీసుకుని, మూత మీద చెక్కిన అక్షరాలను వేలితో తడిమింది. "గిదంత ఒక్కొక్క గుప్పెడేనా?" అని మాత్రం అంది. కడిగి ఎసట్లో పోసింది.

కాసేపటికి గరిటెతో తీసి చూసి కేకపెట్టింది. "ఏం బియ్యం గలిపినవ్ వదినె గిండ్ల? సగం మెత్తగైనయ్, సగం రాళ్ల లెక్క ఉన్నయ్!"

అమ్మ నాలుగు మెతుకులు అరచేతిలో వేసుకుని చూసింది. తర్వాత తల తిప్పి నన్ను చూసింది. నేను ఫోన్‌లో ఏదో ముఖ్యమైన మెసేజ్ వచ్చినట్టు తల దించుకున్నాను. "మా అమ్మాయి దోసెల బియ్యం కలిపేసిందండీ. ఏమీ అనుకోకండి, సాఫ్ట్‌వేర్ కదా" అంది అమ్మ. అక్కడున్న ఆడవాళ్లు పగలబడి నవ్వారు. ఇన్ని నెలలు నేను భయపడిన జనం మధ్య నాకు జరిగిన అవమానం అదొక్కటే, అది కూడా మా అమ్మ చేతిలో.

అమ్మ గోనెసంచి మీద కూర్చునే పని నడిపించింది. ఉడుకునీళ్లు చిలకరించమంది. తడిగుడ్డ పరిపించి, మూత పెట్టించి, కింద కట్టెలు లాగించి, మూత మీద నిప్పులు పోయించింది. ప్రేమవిందులో అన్నం తేడా వచ్చినప్పుడు ఇలాగే చేసేది. "దాన్నిక కదపకండి. గట్టివి మెత్తబడేదాకా ఓపిక పట్టాలి" అంది. అనేటప్పుడు ఆ మాట మధ్యలో రెండుసార్లు ఆగింది. పెదవులు నీలంగా మారుతున్నాయి. ఆసుపత్రి చెప్పిన సమయం దగ్గరపడుతోంది. "అమ్మా, చాలు, లే" అని చెయ్యి పట్టుకుని లాగాను.

అప్పుడే ఆవిడ ఇంకో చెయ్యి పట్టుకుంది లేపడానికి. పట్టుకుని ఉలిక్కిపడి వదిలేసింది. డయాలసిస్ మిషన్‌కి సూది గుచ్చడం కోసం ఎడమచేతిలో రక్తనాళాలు కలిపి కుట్టారు. అక్కడ ఉబ్బెత్తుగా ఉండి, ముట్టుకుంటే లోపల గుయ్యిమంటూ అదురుతుంది.

"ఏందిది? చేతుల ఏదో తిరుగుతున్నది?"

నేనే చెప్పాను. కిడ్నీలు పనిచేయవని, మిషన్ దగ్గరికి వెళ్లాలని, మొన్న తప్పిపోయిందని, ఇవాళ తప్పితే ఏమవుతుందో. నోరు తెరవొద్దని అమ్మకి చెప్పినదాన్ని, నేనే ఆ రోడ్డు మీద అందరూ వినేలా గుక్కపెట్టి ఏడుస్తూ చెప్పాను.

ఆవిడ అమ్మని చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. "గింత పానం మీదికొస్తే అన్నం జూస్తందుకు దిగినవా నువ్వు?" అంది, తిడుతున్నట్టే. ఆ వెంటనే మైకు దగ్గరికి వెళ్లి, మాట్లాడుతున్న నాయకుడి చేతిలోంచి మైకు లాక్కుంది. "మా వదినె దవాఖానకు పోవాలె. జరుగుండ్రి" అని అరిచింది. ఒకరిద్దరు ఏదో గొణిగారు. ఆవిడ గరిటె ఎత్తి చూపించింది. షామియానా గుంజలు లేచాయి, రాళ్లు పక్కకి దొర్లాయి.

"ఒక్క ముద్ద తిని పోవాలె" అని, విస్తరిలో ఇంత అన్నం, టమాటా పప్పు పెట్టి ఆవిడే తెచ్చింది. తినకూడదండీ, ఉప్పు, టమాటా అసలు కూడదు అని నేను అడ్డం వెళ్లాను. అమ్మ నన్ను పక్కకి జరిపి ఒక చిన్న ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. "ఎన్నాళ్లయిందే ఉప్పు తగిలి" అంది. కారెక్కాక నేను సాధిస్తుంటే, "వండిన చోట ముద్ద ముట్టకుండా లేస్తే వాళ్లకెలా ఉంటుంది?" అని మాత్రం అంది.

ఆవిడ గరిటె పట్టుకుని మా కారు ముందు నడిచింది. జనం చీలి దారిచ్చారు. చివర అడ్డుగా ఉన్న ట్రాక్టరు కూడా పక్కకి తప్పుకున్నాక, కారు పైన అరచేత్తో తట్టి వెనక్కి వెళ్లిపోయింది. ఆసుపత్రికి ఆలస్యంగానే చేరాం. అమ్మ కోసం ఉంచిన మిషన్ ఇంకొకరికి ఇచ్చేశారు. అది ఖాళీ అయ్యేదాకా ఆక్సిజన్ పెట్టి కూర్చోబెట్టారు. చివరికి అమ్మ రక్తం గొట్టాల్లో తిరగడం మొదలయ్యాక, అమ్మ బట్టల్లోంచి కట్టెల పొగ వాసన వస్తుంటే, నర్సు వింతగా చూసింది. అమ్మ నిద్రపోతూ సన్నగా నవ్వుతోంది. ఆ రోజుకి గెలిచాం.

ఇంటికి వచ్చాక అమ్మకి గుర్తొచ్చింది. "డబ్బా అక్కడే ఉండిపోయిందే."

"పోయిందిక. అంత జనంలో ఎవరిస్తారు?" అన్నాను.

"ఇస్తుంది" అంది అమ్మ.

ఆ తర్వాత కూడా మా రోజులు మారలేదు. అదే ఫ్లాటు, అదే గొలుసు, అదే మిషన్. మిషన్ నుంచి ఇంటికి, ఇంటి నుంచి మిషన్‌కి, మధ్యలో కొలిచిన నీళ్లు. గుప్పెటి బియ్యం ఇప్పుడు ప్లాస్టిక్ కవర్లో పడేవి. ఆ రోడ్డు మీదుగా వెళ్లిన ప్రతిసారీ అమ్మ అద్దం దించి చూసేది. ఆ గరిటె పట్టుకున్నావిడ దగ్గర్లోని బస్తీలోనే ఉంటుందని డ్రైవర్ కనుక్కుని ఒకసారి అడిగి వచ్చాడు. "డబ్బ ఉన్నదట పెద్దమ్మా. పెండ్లి సామాను ఉత్తగ ఎట్లిస్త, నిండినంక ఇస్త అంటున్నది" అన్నాడు.

ఒకరి గిన్నె మన ఇంటికి వస్తే ఖాళీగా తిప్పి పంపకూడదని నాకూ తెలుసు. అడుగున ఇంత పంచదారైనా వేసి పంపుతారు. అంతమాత్రానికి నెలలు పడుతుందా? ఇవ్వడం ఇష్టం లేక చెప్పే సాకు అన్నాను. అమ్మకి కోపం రావడం నేను చాలా అరుదుగా చూశాను. ఆ రోజు వచ్చింది. "ఆవిడ ఇంట్లో బియ్యం ఎన్నో, తినే నోళ్లెన్నో నీకు తెలుసా? గుప్పెడు గుప్పెడు వేస్తే ఎప్పటికి నిండుతుందో వేసేవాళ్లకి తెలుస్తుంది. నువ్వు లెక్కగా వేస్తే కదా తెలిసేది" అంది.

అమ్మ చనిపోయిన రోజున బంద్ లేదు. రోడ్లు ఖాళీగా ఉన్నాయి. హఫీజ్‌పేట వంతెన, ఆ తర్వాతి మలుపులు, సిగ్నళ్లు, ఎక్కడా ఎవరూ ఆపలేదు. చెప్పిన సమయానికంటే ముందే చేరాం. మిషన్ కూడా ఖాళీగా ఉంది. దాని మీదే అమ్మ గుండె ఆగిపోయింది. నిందించడానికి నాకు ఒక్కరు కూడా దొరకలేదు.

గుంటూరు తీసుకెళ్లి, నాన్న పక్కన మట్టి చేసి, తిరిగి మియాపూర్ వచ్చాను. ఊరికి వచ్చెయ్యమన్నారు మావాళ్లు. అక్కడే ఉండి ఏం చేస్తావు, పరిస్థితులు కూడా బాగాలేవు అన్నారు. వెళ్లలేను, ఉండలేను. తలుపు వేసుకుని లోపల గొలుసు పెట్టుకున్నాను. ఈసారి ఎవరికి భయపడి పెట్టానో నాకే తెలియదు. పొయ్యి వెలిగించలేదు. కుక్కరు ముట్టుకుంటే గుప్పెడు వేశావా అనే గొంతు వినిపిస్తుంది. రొట్టె, బిస్కెట్లు తింటూ, బాల్కనీలో అమ్మ కుర్చీలో కూర్చుని, నీళ్ల ట్యాంకర్లు చూసేదాన్ని. దాహం వేసినా లేచి నీళ్లు తాగాలనిపించేది కాదు.

అలాంటి ఒక సాయంత్రం బెల్లు మోగింది. గొలుసు తియ్యకుండా తలుపు తెరిచాను. సందులో డ్రైవర్ మొహం. చేతిలో స్టీలు డబ్బా.

"అక్కా, గా అమ్మ ఇచ్చింది" అని సందులోంచి అందించబోయాడు. డబ్బా పట్టలేదు. అడ్డంగా తిప్పాడు, నిలువుగా తిప్పాడు. పట్టలేదు. మజ్జిగ గ్లాసు పట్టని సందు అది. నేను గొలుసు తీశాను.

డబ్బా బరువుగా ఉంది. మూత తీశాను. అంచుదాకా బియ్యం. రేషన్ బియ్యమే, దొడ్డువి. కానీ ఒక్క రాయి లేదు, ఒక్క వడ్లగింజ లేదు, నూకలు కూడా చెరిగేసి ఉన్నాయి.

"ఇన్ని దినాలు పట్టింది, ఏమనుకోవద్దన్నది. ఇంకో మాట గూడ చెప్పమన్నది" అన్నాడు డ్రైవర్.

"ఏమంది?"

"గిండ్ల దోసెల బియ్యం కలుపలేదు, మా వదినెకు చెప్పు అన్నది. పెద్దమ్మ పోయిందని చెప్ప నోరు రాలే అక్కా."

నాకు నవ్వొచ్చింది. నవ్వు బయటికొచ్చి, దారిలోనే ఏడుపైపోయింది. గడప మీదే కూర్చుండిపోయాను. డబ్బా ఒళ్లో పెట్టుకుని, అమ్మ కారులో కూర్చున్నట్టే కూర్చున్నాను. ఇస్తుంది అంది అమ్మ. నేను నమ్మలేదు. నమ్మిన మనిషి చూడకుండానే పోయింది.

డ్రైవర్ వెళ్తానని మెట్లవైపు తిరిగాడు. "తిని వెళ్లు బాబూ" అన్నాను. అది అమ్మ మాట. నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. తిన్నాక ఇద్దరం ఆవిడ దగ్గరికి వెళ్దాం, చెప్పాల్సింది నేనే చెప్తాను అన్నాను. అతను తలుపు పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నాడు. తలుపు అలాగే తెరిచి ఉంచాను.

దేవుడి బియ్యం వండకూడదు కానీ, ఇవి పంపింది ఆవిడ. ఇద్దరికి సరిపడా కొలుచుకున్నాను. కడిగే ముందు అందులోంచి ఒక గుప్పెడు తీసి, చూసి మరీ, తిరిగి డబ్బాలో వేశాను. అన్నం ఒక్క పలుకు లేకుండా ఉడికింది.